ప్రజలారా అనని మనిషి

మొన్న ఆదివారం పొద్దున మా వీధిలోకి ఉల్లిగడ్డల ట్రాలీ ఆటో వచ్చింది. నేను వరండాలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాను.

"అక్కా, పొయ్యి మీది కూర మాడకుండ సూసుకోని నిమ్మలంగ రా. తొందరేం లేదు. నేను ఈడనే ఉంట" అంది ఆటో మీది స్పీకరు.

వంటింట్లో మిక్సీ ఆగిపోయింది. మా ఆవిడ సుజాత సంచి పట్టుకుని నన్ను దాటుకుంటూ గేటు దాకా వెళ్ళి, గేటు గడియ మీద చెయ్యి వేసి అక్కడే నిలబడిపోయింది. ఇంట్లో ఉల్లిగడ్డలు నిండుకోలేదు. రెండు రోజుల కిందటే నేను తెచ్చాను.

ఆ గొంతు తాలూకు మనిషి పోయి నెల దాటింది. గుండె ఆగిపోయింది. రికార్డింగు మాత్రం ఆటోవాడి మెమరీ కార్డులో ఉండిపోయింది. బతికున్నన్నాళ్ళూ మేడ్చల్‌లో ఏ గల్లీకి పోయినా నా ముందు అతని గొంతే ఉండేది. పోయాక కూడా అదే ఉంది. చచ్చినవాడి మీద అసూయపడటం బాగుండదని నాకు తెలుసు. అయినా ఉల్లిగడ్డలు అమ్ముడుపోతున్నాయి, నా భార్య గేటు దగ్గర కళ్ళు తుడుచుకుంటోంది, నేను పేపరు మడిచి లోపలికి వెళ్ళిపోయాను.

నాదీ మైకు పనే. స్టేషన్ రోడ్డులో నాకో షాపుంది. ఫ్లెక్సీలు కొడతాం, మైకు సెట్లు కిరాయికిస్తాం, ప్రచారానికి కావలసిన మాటలు రాసి, చదివి, రికార్డు చేసి ఇస్తాం. డిగ్రీలో స్పెషల్ తెలుగు చదివాను. అటు గండిమైసమ్మ చౌరస్తా నుంచి ఇటు శామీర్‌పేట దాకా ఒత్తులు ఒత్తుల్లాగా పలికే గొంతు నాదొక్కటే అనేవారు. అతను రాకముందు మాట ఇది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం నా షాపు ముందు పాత ఆటో ఆగింది. అందులోంచి మెడకు మఫ్లర్ చుట్టుకున్న మనిషి దిగాడు. బయట రోడ్డు మీద తారు మెత్తబడుతుంటే ఈయన మెడకు ఉన్ని మఫ్లరు. "అన్నా, నీ మైకు జెర కిరాయికిస్తవా? గాజుల దుకాణం ఓపెనింగుంది" అన్నాడు. ఇచ్చాను. నా చేత్తో నేనే ఇచ్చాను.

గొంతును అతను పసిపిల్లను చూసుకున్నట్టు చూసుకునేవాడు. ఆటోలో ఎప్పుడూ ఒక ఫ్లాస్కు, అందులో మిరియాలు వేసి మరిగించిన నీళ్ళు. ఎవరింట్లో మజ్జిగ ఇచ్చినా ముట్టేవాడు కాదు. "సల్ల తాగితె గొంతు కూసుంటదక్కా, ఏమనుకోకు" అని గ్లాసు వెనక్కి ఇచ్చేవాడు. ఐస్‌క్రీమ్ బండి పక్కనుంచి పోతే మొహం తిప్పుకునేవాడు. మైకు పట్టుకోబోయే ముందు ఆటో అద్దంలో చూసుకుని మీసం దువ్వుకునేవాడు. అనౌన్స్‌మెంట్ చేసేవాణ్ణి ఎవరు చూస్తారని అడిగితే, "మీసం సక్కగుంటె గొంతు గూడ సక్కగొస్తదన్నా" అన్నాడు. సిగ్గుపడుతూ చెప్పలేదు. అతనికి తన గొంతంటే గర్వం, ఆ గర్వం దాచుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు.

మైకును వేలితో కొట్టి "హలో హలో" అనేవాడు కాదు, నోటితో ఊదేవాడు కాదు. దగ్గరికి తీసుకుని చిన్నగా దగ్గేవాడు. ఇంటి పెద్దమనిషి వాకిట్లోకి వచ్చి, లోపల ఆడవాళ్ళకు తెలియాలని దగ్గుతాడే, అలా. ఆ దగ్గుకే వీధిలో తలుపులు తెరుచుకునేవి. నేను ఆ దగ్గు ఇంట్లో అద్దం ముందు ప్రయత్నించి చూశాను. సుజాత వంటింట్లోంచి, "జలుబు జేసిందా? వేడినీళ్ళు పెట్టాల్నా?" అని అడిగింది.

మొదట్లో అతనికి కావలసిన మాటలు నేనే రాసిచ్చేవాణ్ణి. ఒకసారి పైపులైను మరమ్మతు కోసం మర్నాడు నీళ్ళు బంద్ అని చెప్పే పని వచ్చింది. "మేడ్చల్ పురప్రజలకు విజ్ఞప్తి" అని మొదలుపెట్టి రాశాను. అతను కాగితం చూసి తల గోక్కున్నాడు.

"అన్నా, పురప్రజలంటె ఎవలే?"

"ఊళ్ళో ఉండేవాళ్ళు. మనమే."

"మనమైతె మనల్ని పిలిచినట్టుండాలె గద. గిట్ల పిలిస్తె పక్కింటోళ్ళను పిలుస్తున్నరనుకుంటరు."

నాకు కోపం వచ్చింది. నువ్వు ఆటో నడుపు, నేనే చదువుతాను అని ఎక్కి కూర్చున్నాను. ముందు వీధిలో నేను చదివాను. "పురప్రజలారా" అన్న మాటకు నల్లా దగ్గర నీళ్ళు పడుతున్న ఒకావిడ తల కూడా ఎత్తలేదు. తర్వాతి వీధిలో అతను నా చేతిలోంచి మైకు తీసుకున్నాడు, దగ్గాడు. "నల్లా కాడ బిందె వెట్టిన అక్కా, గా బిందె నిండినంక ఇంకో బిందె గూడ వట్టుకో. రేపు నీళ్ళు రావు. బట్టలు ఇయ్యాల్నే పిండుకో" అన్నాడు. ఆ వీధిలో నల్లా కాడ బిందె పెట్టని ఇల్లు లేదు. ప్రతి వాకిట్లోంచి ఒకావిడ తననే పిలిచాడనుకుని బయటికి వచ్చింది. ఒక ముసలామె, "ఎన్నింటికి బంద్ జేస్తరు కొడుకా?" అని అడిగింది కూడా. మైకులో వచ్చే మాటకు ఎదురు ప్రశ్న వేయడం నేను అంతకుముందు చూడలేదు.

అది కిటుకు అన్నాను నేను. సుజాతతో ఆ మాటే చెప్పాను. ఎవరైనా నేర్చుకుంటే వచ్చే కిటుకు. కాని నేను మాత్రం నేర్చుకోదలచుకోలేదు. ప్రజలను ప్రజలనే అనాలి. పేపర్లో అలాగే రాస్తారు, సభల్లో అలాగే పిలుస్తారు. అందులో ఒక గౌరవం ఉంది. భుజం మీద చెయ్యివేసి అక్కా బావా అనడం గౌరవం కాదు, చనువు. చనువుతో సరుకు అమ్ముడుపోవచ్చు, అంతే.

ఆ మాట నిజం కూడా. అదే "అక్కా" పెట్టి అతను మన్నిక లేని కుక్కర్లు అమ్మించాడు, రంగు వెలిసే చీరలు అమ్మించాడు. ఎలక్షన్లప్పుడైతే చెప్పే పనే లేదు. నేను ఏ పార్టీకి రాసినా "ఓటరు మహాశయులారా" అనే రాస్తాను. అతను పొద్దున ఒక పార్టీ జెండా కట్టుకుని "మా ఇంటి దేవుళ్ళారా" అనేవాడు, మధ్యాహ్నం ఇంకో జెండా కట్టుకుని వాళ్ళనే మళ్ళీ "మా ఇంటి దేవుళ్ళారా" అనేవాడు. ఇదేం పద్ధతి అని అడిగాను.

"పార్టీలు మారుతయన్నా, దేవుళ్ళు మారుతరా?" అన్నాడు.

పేట్ బషీరాబాద్ వైపు అపార్ట్‌మెంట్లలో మాత్రం అతని ఆట సాగేది కాదు. అక్కడ వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేసేవాడు. అక్కడ ఉండేవాళ్ళు ప్రజలు కారు, రెసిడెంట్స్. అక్కడికి నేను రాసిన ఫ్లెక్సీలే పోయేవి. గేటుకు కట్టిన నా ఫ్లెక్సీ వైపు చూస్తూ, స్పీకరు బంద్ పెట్టి ఆటో తిప్పుకునే అతన్ని చూసినప్పుడు నాకు ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను.

ఇంకా హాయైన రోజు ఒకటుంది. స్టేషన్ ఎదురుగా టీ కొట్టు దగ్గర ఇద్దరం నిలబడ్డాం. ఏదో మీటింగుకు అతను ఊరంతా తిరిగి పిలిస్తే జనం రాలేదు. అతను మఫ్లర్ విప్పి మొహం తుడుచుకుని, "గా మందికేం తెలుస్తదన్నా! మందంటె గంతే. ఎటు గాలొస్తె అటు" అన్నాడు. మంది! పొద్దంతా అక్కా, అన్నా, దేవుళ్ళారా అని పిలిచిన నోటితో, ఆ ముక్కూమొహం లేని మాట అన్నాడు. నేను టీ సగంలో వదిలేసి ఇంటికి వచ్చాను. సుజాతకు పూసగుచ్చినట్టు చెప్పాను. నీ గొంతుగాడి అసలు సంగతి ఇది అన్నాను.

ఆమె చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ విన్నది. "పొద్దంత గొంతు చింపుకున్నడు. యాష్టకచ్చి ఒక్క మాటన్నడు. దానికేమైతది?" అన్నది.

"నేను ఎప్పుడైనా మంది అన్నానా? ఎప్పుడూ ప్రజలనే అంటాను."

"ఆయన అలిసినంక అన్నడు. నువ్వు పొద్దుగాలనే అంటవు గద ప్రజలని" అన్నది.

"ప్రజలంటే తిట్టా?"

"తిట్టు గాదు. కని పిలుపు గూడ గాదు. నువ్వు మొన్న మన గల్లీలకెల్లి పోయినవంట, నాకెరుకనే లేదు. ఏదో గవర్నమెంటోళ్ళ బండి అనుకున్న."

అతని ఆటో వస్తే మిక్సీ ఆపే మనిషి ఆ మాట అన్నది. నేను ఆ రోజు రాత్రి అన్నం సరిగా తినలేదు.

ఇక శామీర్‌పేట సంగతి చెప్పాలి. సుజాత పుట్టిల్లు అక్కడే, ఒక చెరువు ఒడ్డున ఉన్న చిన్న వాడ. చెరువులో చేపలు పట్టేవాళ్ళు, కూలికి పోయేవాళ్ళు, తుర్కపల్లి కంపెనీల్లో ఊడ్చే పనికి పోయేవాళ్ళు, చర్చికి పోయే నాలుగైదు కుటుంబాలు. మా మామ పోయాక మా అత్త ఒక్కతే అక్కడ ఉంటూ రోడ్డు పక్కన చేపలు అమ్ముతుంది. మా దగ్గరికి రమ్మంటే రాదు. "మీ మేడ్చల్ల చెరువు గాలి రాదు" అంటుంది.

చెరువు నిండితే నీళ్ళు నిలిచే నేలలో ఆ ఇళ్ళు కట్టారని, వారంలోగా ఖాళీ చేయాలని తహసీల్దారు ఆఫీసు నుంచి హుకుం వచ్చింది. మైకులో చెప్పే పని అతనికి ఇచ్చారు. కాగితం వాళ్ళే రాసిచ్చారు. "చెరువు శిఖం భూమిలోని ఆక్రమణదారులకు ఇందుమూలంగా తెలియజేయడమేమనగా" అని దాని మొదలు. అతను ఆటోలో ఆ వాడకు వెళ్ళాడు. వెళ్ళి, స్పీకరు బంద్ పెట్టి, కాగితం జేబులో పెట్టుకుని, ఇంటింటికీ నడిచి చెప్పాడు. మా అత్త గడప ముందు కింద కూర్చుని, "అవ్వా, గిట్ల రాసిండ్రు. ఇండ్లు కూలగొడ్తమంటుండ్రు. ఎవలన్న పెద్దమనిషిని పట్టుకోండ్రి" అన్నాడట. ఆమె ఏడ్చిందట. అతనూ ఏడ్చాడట. తర్వాత ఆమె టీ పెట్టి ఇచ్చిందట. ఇదంతా సుజాత ఫోన్లో విని, నాకు చెబుతూ తనూ ఏడ్చింది.

మర్నాడు ఆఫీసు నుంచి ఒక సారు నా షాపుకు వచ్చాడు. "గాయన మైకు బంద్ వెట్టి ముచ్చట్లు వెట్టిండట. మాకు మైకుల చెప్పినట్టు వీడియో గావాలె. నువ్వు జేస్తవా?" అన్నాడు.

ఇన్నేళ్ళలో అతను చేయలేక నా దగ్గరికి వచ్చిన పని అదొక్కటే. చేస్తానన్నాను. మా అత్త ఇల్లు ఆ వాడలోనే ఉందని తెలిసే అన్నాను. ఎవరో ఒకరు చదవక తప్పదు. నేను కాకపోతే ఇంకొకడు చదువుతాడు.

బయల్దేరే ముందు అతను షాపుకు వచ్చాడు, కిరాయికి తీసుకున్న మైకు తిరిగి ఇవ్వడానికి. నేనే అడిగాను.

"ఎందుకు చదవలేదు? ఆక్రమణదారులు అనడానికి నోరు తిరగలేదా?"

"నోరు తిరుగుతదన్నా. పోయిన ఎలక్షన్ల గా వాడలనే నిలవడి మా ఇంటి దేవుళ్ళారా అన్న గద. గిప్పుడు గదే నోటితోని ఎట్లంట?"

అతను నన్ను తప్పుపట్టలేదు. పోవద్దని కూడా అనలేదు. మైకు వైరు నీటుగా చుట్టి బల్ల మీద పెట్టి, "ఆడ రోడ్డు ఖరాబుంది, పైలంగ పో" అని చెప్పి వెళ్ళిపోయాడు. నాకు అలాంటి ఇబ్బంది ఏదీ లేదు. నేను వాళ్ళను ఓటరు మహాశయులన్నాను, ఇప్పుడు ఆక్రమణదారులంటాను. రెండూ ఎవరో ఇచ్చిన కాగితంలోని మాటలే. రెంటినీ ఒకే గొంతుతో చదవగలను. అది నా చేతకానితనమని అతని అభిమానులు అనుకోవచ్చు. నా దృష్టిలో అది వృత్తి.

వాడ మధ్యలో ఆటో ఆపించాను. ఆఫీసు వాళ్ళ మనిషి కెమెరా పట్టుకున్నాడు. నేను కాగితం తీసి మొదలుపెట్టాను. ఒక్క అక్షరం మింగలేదు. "ఆ-క్ర-మ-ణ-దా-రు-లు" అన్న మాట చెరువు అవతలి గట్టుకు తగిలి తిరిగి వచ్చింది. అందరూ బయటికి వచ్చారు. ఎవరూ ఏడవలేదు. రాయి పడుతుందేమోనని ఆటో డ్రైవరు ఇంజను ఆపలేదు.

చేతులకు చేప పొలుసులతో మా అత్త ఆటో ముందుకు వచ్చి నిలబడింది.

"అల్లుడా, ఎవలకు చెప్తున్నవ్? గా ఆక్రమణదారులంటె ఎవలు? మేమేనా?"

మైకు ఆన్‌లోనే ఉంది. ఆమె మాట కూడా స్పీకర్లో వచ్చింది.

"వాళ్ళు రాసిచ్చింది చదువుతున్న అత్తా" అన్నాను.

"చదువు బిడ్డా చదువు. నిన్న గాయనొస్తె ఏడుపొచ్చింది. నిన్ను జూస్తె నవ్వొస్తాంది" అన్నది. నిజంగానే నవ్వింది. పక్కవాళ్ళు కూడా నవ్వారు. "చదివినంక లోపలికి రా. అన్నం తిని పో."

కాగితం చివరిదాకా చదివాను. ఆ తర్వాత ఆటోను పంపేసి లోపలికి వెళ్ళి కూర్చున్నాను. చేపల పులుసు పోసింది. ముల్లు తీసి పెట్టింది కూడా. అతనికి టీ ఇచ్చింది, నాకు అన్నం పెట్టిందని అక్కడ కూర్చుని లెక్క వేసుకున్నాను. కాని అతనితో కలిసి ఏడ్చింది. నాతో కలిసి ఏడవలేదు.

సుజాత నాతో కొన్నాళ్ళు మాట్లాడలేదు. చదివినందుకు కాదంది. "చదువుడు తప్పు గాదు. మా అమ్మ ఎదురుంగ నిలవడి అడిగినా గదే గొంతుతోని ఎట్ల చదివినవ్?" అని అడిగింది. నా గొంతు ఒక్కటే కదా, రెండోది ఎక్కడినుంచి తేవాలి అన్నాను.

తర్వాత జరిగింది ఇది. ఆ వాడవాళ్ళు పోయే చర్చికే వచ్చే ఒక లాయరమ్మ కేసు వేసింది. ఏ ఇంటికీ చేతికి నోటీసు ఇవ్వలేదని, మైకులో మాత్రం చెప్పి వారం గడువు పెట్టారని ఆమె వాదన. ఆ వాడలో ఇంటి పట్టా ఉన్నవాళ్ళున్నారు, లేనివాళ్ళున్నారు, తాతల నాటి నుంచి ఉన్నవాళ్ళున్నారు. అందరినీ కలిపి ఒకే మాటలో ఆక్రమణదారులని ఎలా అన్నారు, ఎవరు ఏమిటో విన్నారా అని ఆమె అడిగింది. అలా అన్నారనడానికి సాక్ష్యం ఏది అంటే, మా అత్త పక్కింటి కోడలు ఫోన్లో తీసిన వీడియో చూపించింది. అందులో ఉన్నది నేను. నా గొంతు. ప్రతి అక్షరం విడివిడిగా, స్పష్టంగా. ఒక్కొక్క ఇంటి కాగితం వేరువేరుగా చూడాలని, వాళ్ళ మాట వినాలని, అప్పటిదాకా ఇళ్ళ జోలికి పోవద్దని కోర్టు చెప్పింది.

నేను ఆ మాట గొణిగి వదిలేసి ఉంటే కేసు ఎక్కడ నిలిచేది? అతనిలా స్పీకరు బంద్ పెట్టి ఏడ్చి టీ తాగి వస్తే కోర్టులో ఏం చూపించేవాళ్ళు? ఈ మాట నేను సుజాతకు చెప్పాను. నిజమేనంది. మా అత్తకు చెప్పాను. ఆమె కూడా నిజమేనంది. "కని గాయన ముందుగాల్ల వచ్చి చెప్పిండు గాబట్టే కద బిడ్డా, మేం లాయరమ్మ కాడికి ఉరికినం" అంది. వాడలో ఎవరిని కదిలించినా అదే మాట. ఆయన చెప్పిండు. ఆయన చెప్పకపోతే. ఆయన గొంతు సల్లగుండ.

ఇళ్ళు నిలిచినందుకు వాడవాళ్ళు చెరువు గట్టు మీద భోజనాలు పెట్టుకున్నారు. మైసమ్మకు బోనం తీసినవాళ్ళు తీశారు, పక్కనే చర్చివాళ్ళు ప్రార్థన చేసుకున్నారు, తర్వాత అందరూ ఒకే షామియానా కింద కూర్చున్నారు. మైకు సెట్టు నా షాపుదే. మైకు పట్టుకున్నది అతను. అతనితో నేను గడిపిన చివరి మధ్యాహ్నం అదే. మనిషి కొంచెం నీరసంగా ఉన్నాడు. చిన్న వేదిక మెట్టెక్కి ఆయాసపడి, మైకు దగ్గరికి తీసుకుని దగ్గాడు. చేపలు వేయిస్తున్నవాళ్ళు కూడా గరిటెలు ఆపారు.

లాయరమ్మకు దండం పెట్టాడు. పెద్దవాళ్ళను అవ్వా, తాతా అని పిలిచాడు. ఆ తర్వాత నేను షామియానా గుంజకు ఆనుకుని ఉన్న వైపు తిరిగాడు.

"జెర ఇనుండ్రి. నేను గీ వాడకచ్చి మైకు బంద్ వెట్టిన. మీరందరు నన్ను మంచోడంటుండ్రు. నేను మంచోణ్ణి గాదు. నాకు ధైర్యం సాలలే, గంతే. గా మాట అననీకి దమ్ము గావాలె. అత్తగారి వాకిట్ల నిలవడి, అత్త మొకం జూసుకుంట, మనసు రాయి జేసుకోని గీ అన్న చదివిండు. ఆయన చదివినందుకే ఇయ్యాల మన గోడలు నిలవడ్డయి. ఈయన ఒక్క ఇంటి అల్లుడు గాదు. మన వాడకట్టు అల్లుడు."

ఆ తర్వాత చప్పట్లు. మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సుజాత ఏడుస్తోంది. నేను అది చూశాను. ఆమె నా వైపు చూసి ఏడవడం లేదు. అతని వైపు చూస్తూ ఏడుస్తోంది. జనం చప్పట్లు కొట్టింది నేను చేసిన పనికి కాదు, దాన్ని అతను చెప్పిన తీరుకు. ఇన్నాళ్ళూ ఇంటింటికీ తిరిగి నేను చెప్పుకున్నది కూడా ఇదే కదా. నేను చెబితే "నిజమే" అన్నారు, అతను చెబితే ఏడ్చారు. ఇకపైన ఆ వాడలో ఎవరు నన్ను అల్లుడా అని పిలిచినా, అది అతను ఇచ్చిన మాటే అవుతుంది. ఆ మాట నాకు ఎందుకు తట్టలేదు? మహాశయులు, పురప్రజలు, వినియోగదారులు, ఇన్ని మాటలు రాశాను, నా గురించి ఒక్క మాట రాసుకోలేకపోయాను.

అతను దిగి నేరుగా నా దగ్గరికి వచ్చాడు. ఫ్లాస్కు మూతలో మిరియాల నీళ్ళు పోసుకుంటూ, పరీక్ష రాసి వచ్చిన పిల్లాడిలాగా నా మొహం చూశాడు.

"ఎట్లచ్చిందన్నా?"

నిజం చెప్పడానికి నోరు రాలేదు. "మైకు మరీ దగ్గర పట్టినవ్. చివరి మాట సరిగ్గ వినవడలే" అన్నాను.

"వినవడలేదా?" అతని మొహం పాలిపోయింది. "అల్లుడు అన్న మాటనా? గదే అసలు మాట గదన్నా!"

నేను ఆపేలోపు ఫ్లాస్కు నా చేతిలో పెట్టి మళ్ళీ మెట్టెక్కాడు. "ఇందాక ఆఖరి మాట సక్కగ వినవడలేదంట, మల్ల చెప్త" అన్నాడు. మైకును జానెడు దూరం జరిపి పట్టుకున్నాడు. మొదటినుంచీ మొత్తం చెప్పాడు. వాడంతా మళ్ళీ చప్పట్లు కొట్టింది. మా అత్త మళ్ళీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రెండోసారి ఇంకా బాగా చెప్పాడు.